పెట్టె మీద ఆ తేదీ కూడా అచ్చు వేయించండి

బిల్లుండ్, డెన్మార్క్.
లెగో సంస్థ ఛైర్మన్ శ్రీ థామస్ కిర్క్ క్రిస్టియన్‌సెన్ గారికి,

నేను తణుకు వాణ్ణి. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి మేనేజరుగా దిగాను. మీ బొమ్మల గురించి నాకు తెలిసిందంతా మొన్న చలికాలం డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్న ఐదు నెలల్లో నేర్చుకున్నదే. అందులోనూ సగం గరాజ్‌లోనే నేర్చుకున్నాను. అక్కడ కారుకు చోటు లేదు. గోడ పొడవునా ఇనుప అరలు, అరల నిండా మీ పెట్టెలు. పనేమీ లేక లెక్కపెట్టాను. డెబ్బై మూడు. ఒక్కదానికీ సీలు తీయలేదు.

"ఇన్ని బొమ్మలు ఎవరికిరా?" అన్నాను.

"బొమ్మలు కావు నాన్నా, ఇన్వెస్ట్‌మెంట్. రిటైర్ అయ్యాక రేటు పెరుగుతుంది" అన్నాడు.

నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. రిటైరయ్యాక విలువ పెరిగే సరుకొకటి ఈ లోకంలో ఉందని ఆ రోజే విన్నాను.

మా మనవడికి ఎనిమిదేళ్లు. వాడికి ఆ పెట్టెలన్నీ నంబర్లతో సహా కంఠతా వచ్చు. అప్పుడప్పుడు గరాజ్‌లోకి వెళ్లి ఏదో ఒక పెట్టె చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతాడు. లోపల ముక్కలు గలగలమంటే కాసేపు విని, తీసిన చోటే పెట్టేసి వస్తాడు. మా అబ్బాయి వాణ్ణి కొట్టడు, తిట్టడు. "మూల నొక్కుకుపోతుంది, జాగ్రత్త" అంటాడంతే. ఈ ఉత్తరానికి కారణం ఆ మాటే.

మీ మీద ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. మీరు సరుకు అమ్మారు, మావాడు డబ్బిచ్చి కొన్నాడు. కానీ ఈ వ్యవహారంలో ఒక చిన్న సమాచారం మీ దగ్గరే ఉండిపోయింది. అది అందరికీ చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు నాకు అర్థమైన సంగతి చెబుతాను. తప్పుంటే దిద్దండి. మీ సెట్లలో చాలావాటిని ఏడాదిన్నర, రెండేళ్లు అమ్మి ఆపేస్తారు. కొన్నిటిని ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు. 2017లో వచ్చిన 7,541 ముక్కల మిలీనియం ఫాల్కన్, స్టార్ వార్స్ సినిమాల్లోని నౌక, ఏళ్ల తరబడి అంగట్లో ఉంది. ఏది ఎప్పుడు ఆగుతుందో కొనేనాడు ఎవరికీ తెలియదు. చివరి రోజుల్లో మీ సైట్‌లో "త్వరలో రిటైర్" అని ఒక చీటీ కనిపిస్తుంది. అది కనిపించిందంటే మావాడిలాంటి వాళ్లు రెండో పెట్టె, మూడో పెట్టె కొని దాస్తారు. సరుకు ఆగిపోయాక రెండు మూడేళ్లు ఓపిక పట్టి, దొరకని వాళ్లకు ఎక్కువ ధరకు అమ్ముతారు. వ్యాపారమంతా ఇదే. మా వైపు కోతల్లో కొని ఎండాకాలం దాటాక అమ్మే ధాన్యం వ్యాపారి చేసేదీ ఇదే. కాకపోతే ధాన్యాన్ని చివరికి ఎవరో ఒకరు వండుకు తింటారు.

మావాడు నా ముందు పెట్టిన సాక్ష్యం గట్టిదే. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా 2,322 సెట్ల ధరలు తీసి లెక్క వేశారు. సగటు రాబడి ఏడాదికి 11 శాతం. ఆ కాలంలో బంగారం, బాండ్లు, పెద్ద కంపెనీల షేర్ల కన్నా ఇదే మెరుగని తేల్చారు. చిన్న సెట్లు, మరీ పెద్ద సెట్లు బాగా పెరిగాయట, మధ్యరకం అంతగా పెరగలేదట. మా గోదావరి వైపు "లెగు" అంటే లే అని అర్థం. మీ పేరులోనే ధర లేవడం ఉందని మావాడు నవ్వాడు. కాదురా, అది డేనిష్‌లో "బాగా ఆడుకో" అనే మాటలోంచి వచ్చిందట అన్నాను.

సగటు అనే మాట వింటే పాత బ్యాంకువాడికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. అదే పరిశోధనలో కొన్ని సెట్ల రాబడి ఏడాదికి 600 శాతం, మరికొన్నిటిది మైనస్ 50 శాతం. మోకాలి లోతు సగటు ఉన్న కాలవలోనూ మనిషి మునిగే గుంటలు ఉంటాయి. పైగా ఆ లెక్క 2015తో ఆగింది. అప్పటికి ఈ కిటుకు తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడు మా అబ్బాయి ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర కూడా ఇదే మాట.

ఒకరోజు కాగితం తీసి లెక్క వేయించాను. ఉదాహరణకు 200 డాలర్ల సెట్టు అనుకుందాం. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కలిపితే చేతినుంచి పోయేది 216 డాలర్ల 50 సెంట్లు. నాలుగేళ్ల తర్వాత దాన్ని 340కి అమ్మాడు. 200 ఎక్కడ, 340 ఎక్కడ! చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 14 శాతం. వినడానికి సొంపుగా ఉంది. కానీ ఈబేలో అమ్మితే రుసుము సుమారు 13 శాతం, అంటే 44 డాలర్లు పోతాయి. ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి, చుట్టూ కాగితాలు కుక్కి పంపడానికి ఇంకో 25 అనుకుందాం. చేతికి వచ్చేది 271. పెట్టింది 216న్నర. ఇప్పుడు వడ్డీ కట్టి చూడండి, ఏడాదికి 6 శాతం కూడా రాదు. ఇందులో ఆదాయపు పన్ను లేదు. కారు నాలుగేళ్లు ఎండలో నిలబడ్డ ఖర్చు లేదు. మావాడు పోస్టాఫీసుకు తిరిగే శనివారాలకు కూలి అసలే లేదు. మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

ఆ తర్వాత గరాజ్‌లోకి వెళ్లి ఒక పెట్టె చూపించాడు. టెక్సాస్ ఎండకు అట్ట ఉబ్బి ఒక మూల విచ్చుకుంది. లోపలి సంచులు చెక్కుచెదరలేదు. అయినా దాని ధర పడిపోయిందట. అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. మావాడు మదుపు పెట్టింది మీ ఇటుకల మీద కాదండీ, అట్టపెట్టె మీద. మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రానీయకుండా మీరు పోతపోసే ముక్కకు అక్కడ విలువ లేదు. 1958లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిననాటి ఇటుక ఈనాటి ఇటుకలో బిగుసుకుంటుందని మీరు గర్వంగా చెప్పుకుంటారే, ఆ గొప్పతనం ఆ గరాజ్‌లో ఎవరికీ పట్టదు. అక్కడ పెట్టె మూలలే ముఖ్యం.

పోనీ అట్ట చెడకుండా కాపాడితే గట్టెక్కినట్టేనా? దానికి మా దేశపు కట్టడమే సమాధానం చెబుతుంది. 2008లో మీరు 5,922 ముక్కల తాజ్‌మహల్ తెచ్చారు. ధర 300 డాలర్లు. రెండేళ్లకే ఆపేశారు. ఆ తర్వాత సీలు తీయని పెట్టె ధర రెండు వేల డాలర్లు దాటింది. దాచినవాళ్లు మురిసిపోయారు. 2017 నవంబరులో మీరు ఇంచుమించు అదే తాజ్‌మహల్‌ను, ఒకే ఒక్క ముక్క ఎక్కువతో, 370 డాలర్లకు మళ్లీ అమ్మకానికి పెట్టారు. పాత పెట్టె ధర ఒక్కసారిగా కుప్పకూలింది. ముంతాజ్ కోసం కట్టిన సమాధి ఎంతోమంది లాభాలకూ సమాధి అయింది. అదే ఏడాది ఫాల్కన్ కథ కూడా అంతే. 2007 నాటి 500 డాలర్ల సెట్టును వేలకు వేలు పోసి కొన్నవాళ్లు, అంతకన్నా పెద్దది, 800 డాలర్లకు అంగట్లో కనిపించేసరికి నోరు వెళ్లబెట్టారు.

దాచినవాళ్లకు అది పిడుగు. నాకు మాత్రం అది ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేసిన మంచి పని అనిపించింది. 2008లో ఇంకా పుట్టని పిల్లవాడికి కూడా తాజ్‌మహల్ కట్టే అవకాశం దక్కింది. కాకపోతే మీరు మళ్లీ తెస్తారో లేదో ఎవరికీ తెలియదు. తాజ్ వచ్చింది. అదే 2007లో 140 డాలర్లకు అమ్మిన కెఫే కార్నర్ అనే సెట్టు రాలేదు, దాని ధర వెయ్యి ఎప్పుడో దాటేసింది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే మీ పెట్టె మెచ్యూరిటీ తేదీ లేని బాండు. జారీ చేసినవాడు ఎప్పుడైనా ఇంకో కట్ట అచ్చు వేయొచ్చు. అలాంటి కాగితం తాకట్టు పెట్టుకుని నేనైతే ఒక్క రూపాయి అప్పు ఇచ్చేవాణ్ణి కాదు.

"రిటైర్" అనే ఈ మాటకు అమెరికాలో పాత కథ కూడా ఉంది. 1990లలో టై అనే కంపెనీ బీనీ బేబీలనే చిన్న గుడ్డబొమ్మలను అమ్మింది. ఒక్కో బొమ్మనూ ఇక చేయమని, రిటైర్ చేశామని ప్రకటించేది. జనం ఎగబడ్డారు. పిల్లల చదువులకు పనికొస్తాయని డబ్బాలకు డబ్బాలు దాచారు. 1999లో లాస్ వేగాస్ కోర్టులో విడాకులు తీసుకున్న ఒక జంట నేల మీద గొంతుక్కూర్చుని ఆ బొమ్మలను చెరొకటీ పంచుకుంది. తర్వాత కొన్నాళ్లకే వాటిలో చాలావాటికి గుడ్డ ఖరీదు కూడా రాలేదు. మీ ఇటుక ఆ గుడ్డబొమ్మ లాంటిది కాదని నాకు తెలుసు. దానితో పది రకాలుగా ఆడుకోవచ్చు. కానీ పెట్టె తెరవనంత కాలం రెండూ ఒకటే.

ఇక అసలు మాట. తెరవని పెట్టెకు ధర ఎందుకు పెరుగుతుంది? మిగతావాళ్లు తెరిచారు కాబట్టి. ఎక్కడో ఒక పిల్లవాడు దాన్ని చింపాడు. కట్టాడు, పడగొట్టాడు, రెండు ముక్కలు సోఫా కింద పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక ఆ బొమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు. ఆ బెంగే మావాడి లాభం. అందరూ మావాడిలాగే దాచి ఉంటే కొనేవాడు ఉండడు, బెంగపడేవాడూ ఉండడు. అంటే మా గరాజ్‌లో పెరిగే ప్రతి డాలరూ ఎవరో ఇంకొక పిల్లవాడు ఆడుకున్న ఆట నుంచి వస్తోంది, మా పిల్లవాడికి ఆ ఆట లేకుండా. నలుగురూ పండించిన చేలో పరిగె ఏరుకోవడం తప్పు కాదు. కానీ ఊరంతా పరిగె ఏరేవాళ్లే అయితే పంట ఎవరు వేస్తారు?

దీనికి ఇంకో చీకటి వైపు ఉంది. 2024 జూన్‌లో లాస్ ఏంజెలెస్ పోలీసులు లాంగ్ బీచ్‌లో ఒక ఇంట్లో సోదా చేస్తే 2,800 పైచిలుకు దొంగిలించిన లెగో పెట్టెలు దొరికాయి. బంగారంలా దాచేవాళ్లుంటే బంగారంలా దోచేవాళ్లూ పుడతారు. చిన్న చిన్న అంగళ్లవాళ్లు బొమ్మల అరలకు తాళాలు వేసుకోవాల్సిన రోజు వచ్చింది.

మా దేశం సంగతి మీకు ఎంత తెలుసో. 2020లో బొమ్మల దిగుమతి సుంకాన్ని మా ప్రభుత్వం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. ఇక్కడి బొమ్మల పరిశ్రమ బతకాలని చేసిన పని అది, దాన్ని తప్పుపట్టను. గురుగ్రామ్‌లో మీ పేరు మీద తొలి దుకాణం తెరిచింది 2025లోనే. అందుకే తెలుగు ఇళ్లలో మీ పెట్టె ఇప్పటికీ అమెరికా నుంచి వచ్చే బాబాయి సూట్‌కేసులో, బట్టల మధ్య, బరువు లెక్క చూసుకుంటూ వస్తుంది. ఈసారి కుదరకపోతే వచ్చే సంక్రాంతికి తెస్తానంటాడు. వచ్చే సంక్రాంతికి ఆ సెట్టు ఉంటుందో లేదో బాబాయికి తెలియదు. గరాజ్‌లో డెబ్బై మూడు పెట్టెలున్న మావాడికి తెలుస్తుంది, ఎందుకంటే వాడు రోజూ అదే పనిగా ఆరా తీస్తాడు. తేదీ గుట్టుగా ఉంచితే నష్టపోయేది తీరిక లేని తల్లిదండ్రులు. లాభపడేది తీరికగా కూపీ లాగేవాళ్లు.

కాబట్టి నా మొదటి మనవి. మందుబిళ్ల మీద తేదీ ఉంటుంది. పాల ప్యాకెట్ మీద ఉంటుంది. నేను ముప్పై నాలుగేళ్లు సంతకం పెట్టిన ప్రతి డిపాజిట్ రసీదు మీదా ఉంది. మీ పెట్టె మీద కూడా "కనీసం ఫలానా సంవత్సరం చివరిదాకా అమ్మకంలో ఉంటుంది" అని ఒక ముక్క అచ్చు వేయించండి. గిరాకీ బాగుంటే ఆ తేదీ దాటించే స్వేచ్ఛ మీకు ఉండనే ఉంది. తేదీ చెబితే దాచేవాళ్లు ఇంకా ఎగబడతారని మీ వాళ్లు అనొచ్చు. ఎగబడేవాళ్లు ఇప్పుడూ ఎగబడుతూనే ఉన్నారు. తేదీ అందరికీ తెలిసిన రోజు కూపీ లాగేవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం మొద్దుబారుతుంది. పుట్టినరోజుకు డబ్బులు కూడబెట్టుకునే తండ్రి ఎప్పటిలోగా కొనాలో చూసుకుంటాడు.

రెండో మనవి. "ఈ సెట్టు మళ్లీ రావచ్చు" అనే వాక్యం కూడా పెట్టె మీద వేయించండి. వేయించి, ఏడాదికి ఒకటో రెండో పాత సెట్లను నిజంగానే తీసుకురండి. తాజ్‌మహల్‌తో చేసిన పనినే ఒక పద్ధతిగా చేయండి. ఇందులో మీకు నష్టం లేదు. పెట్టె మొదటిసారి అమ్ముడైనప్పుడే మీకు డబ్బు వస్తుంది, ఆ తర్వాత పెరిగిన ధరంతా దాచినవాడిది. ఆ సెట్టునే మళ్లీ చేసి అమ్మితే అదీ మీకే వస్తుంది. పాత సరుకు బజారుతో మాకు పని లేదని మాత్రం అనకండి. పాత సెట్లు, విడి ముక్కలు అమ్ముకునే బ్రిక్‌లింక్ అనే పెద్ద సంతను 2019లో కొన్నది మీరే. ఆ సంతలో ఏ పెట్టె ఎంత పలుకుతోందో మీకంటే ఎవరికి బాగా తెలుసు?

మీరు చేస్తున్న మంచి పనులు కూడా నేను చూశాను. పాత సెట్లు ఎలా కట్టాలో చెప్పే పుస్తకాలు మీ సైట్‌లో ఉచితంగా పెట్టారు. చేతిలో ఉన్న ముక్కలతో ఎవరైనా ప్రయత్నించవచ్చు. వాడేసిన ఇటుకలను తీసుకుని పిల్లలకు చేర్చే పథకం అమెరికాలో 2019లో మొదలుపెట్టారు. ఆడుకోవడానికే ఈ ఇటుక అని మీరు నమ్ముతున్నారనడానికి అవి చాలు. నేను అడుగుతున్నది ఆ దారిలో ఇంకో అడుగు.

మీ ముత్తాత ఓలే కిర్క్ వడ్రంగి అని చదివాను. 1932లో చేతిలో పని లేక చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టారట. మా దగ్గర అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాక అని ఒక ఊరుంది. అక్కడ అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క రంగు పూసి బొమ్మలు చేస్తారు. మీ ముత్తాతను వాళ్ల మధ్య కూర్చోబెడితే భాష రాకపోయినా పని చేసుకుపోయేవారు. మీ తాత గాట్‌ఫ్రెడ్ కుర్రతనంలో చెక్క బాతులకు మూడు పూతల వార్నిష్‌కు బదులు రెండే వేసి, ఖర్చు మిగిల్చానని తండ్రికి గొప్పగా చెప్పారట. తండ్రి ఆయన్ని వెనక్కి స్టేషనుకు పంపి, బాతులన్నీ తెప్పించి, మూడో పూత వేయించారట. ఆ మూడో పూత కొనేవాడి కంటికి కనిపించేది కాదు. కానీ పిల్లవాడి చేతిలో బాతు పదేళ్లు నలిగినా దెబ్బ తినకుండా ఉండేది దానివల్లే. నేను అడుగుతున్న తేదీ, ఆ వాక్యం కూడా మూడో పూత లాంటివే.

చివరిగా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. సంక్రాంతికి డాలస్‌లో మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టింది. మా కొలువు బొమ్మలు కూడా ఏడాదంతా అటక మీద పెట్టెలోనే ఉంటాయి. అయినా పండగనాడు ప్రతి ఒక్కటీ బయటికి రావాల్సిందే. ముక్కు విరిగిన సీతమ్మ కూడా మెట్టు మీద కూర్చోవాల్సిందే. వచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని చూస్తారు, ఇది ఎవరిచ్చింది, ఏ ఏడాది కొన్నది అని అడుగుతారు. మనవడు వాళ్ల నాన్న వైపు చూశాడు. మా అబ్బాయి కాసేపు తటపటాయించి, గరాజ్‌లోకి వెళ్లి 2,022 ముక్కల చిన్న తాజ్‌మహల్ పెట్టె తెచ్చి సీలు చింపాడు. తండ్రీ కొడుకులు మూడు రాత్రులు నేల మీద కూర్చుని కట్టారు. కొలువులో పై నుంచి రెండో మెట్టు దానికిచ్చాం. తెరిచినందుకు దాని ధర ఎంత తగ్గిందో మావాడు చూసుకోలేదు. నేను చూశాను, పాత అలవాటు.

ఇంకా డెబ్బై రెండు పెట్టెలు అరల మీద ఉన్నాయి. "మళ్లీ రావచ్చు" అని మీరు అచ్చు వేయించిన రోజు, వాటిని తెరిపించే పూచీ నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.